పర్సనాలిటీ డిసార్డర్ అసెస్‌మెంటు: నా అనుభవం

నా ఫైల్లో మూడు పాత ప్రిస్క్రిప్షన్లు ఉన్నాయి. ఒకదాని మీద ఎఫ్60.3 అని కోడ్ వేసి పక్కన బోర్డర్‌లైన్ అని రాశారు. రెండోదాని మీద ఓసీపీడీ, అంటే అంతా తప్పు లేకుండా, తన పద్ధతిలోనే ఉండాలన్న పట్టు మితిమీరడం, పక్కన ఒక ప్రశ్నార్థకం. మూడోదాని మీద మిక్స్‌డ్ పర్సనాలిటీ డిసార్డర్. మూడూ పర్సనాలిటీ డిసార్డర్ పేర్లే, అంటే మనిషి స్వభావమే తనకీ చుట్టూ ఉన్నవాళ్ళకీ ఇబ్బందిగా మారే మానసిక సమస్య. ముగ్గురూ పెద్ద చదువులు చదివిన డాక్టర్లే, ముగ్గురూ చూసింది నన్నే, మధ్యలో నేనేం పెద్దగా మారిపోలేదు కూడా. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. ఒకే లెక్కకి మూడు జవాబులు వస్తే ఊరుకునే రకం కాదు. ఆ ఊరుకోలేకపోవడానికి కూడా నా రిపోర్టులో ఒక గడి ఉందని తర్వాత తెలిసిందనుకోండి, అది వేరే సంగతి.

నాకు ముప్పై నాలుగేళ్ళు. విజయవాడలో అమ్మతో ఉంటాను, నాన్న లేరు. ఉద్యోగం పోగొట్టుకోలేదు గానీ కాలేజీలు మాత్రం మారుతూనే వచ్చాను. ప్రతి చోటా ఒకటే వరస: మొదటి ఏడాది మేడం చాలా సిన్సియర్ అంటారు, రెండో ఏడాదికి స్టాఫ్‌రూమ్‌లో నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. ఒక రాత్రి ఏదో చిన్న మాటకి తల గోడకేసి కొట్టుకున్నాను. అమ్మ భయపడి బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, వాడు మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి కలిపి నాకు లైన్లో ఇచ్చాడు. అవతల అమ్మాయి తెలుగులోనే, తొందరపెట్టకుండా మాట్లాడింది. మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. అలా మొదలైంది ఈ ప్రిస్క్రిప్షన్ల కథ.

మొదటి డాక్టర్‌ని తప్పుబట్టను. బయట బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు, ఆయనకి దొరికిన కాసేపట్లో కోపం, మూడ్ మారిపోవడం, ఎవరైనా వదిలేసి పోతారన్న భయం, లోపల ఖాళీగా అనిపించడం, ఇవన్నీ గబగబా అడిగి రాసేశారు. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. ఆ కాగితం ఇంకో క్లినిక్‌లో చూపించగానే అక్కడి డాక్టర్ నన్ను వదిలేసి అమ్మని అడగడం మొదలుపెట్టారు, నేను పక్కనే కూర్చుని ఉండగా. "ఈ టైపు పేషెంట్లతో కష్టమమ్మా" అన్నారు. నా గురించి ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదప్పటికి.

ఇంటికొచ్చి చదివాను. డీఎస్ఎం అనే అమెరికా వాళ్ళ మానసిక జబ్బుల పుస్తకంలో బోర్డర్‌లైన్‌కి తొమ్మిది లక్షణాలు ఇచ్చారు, వాటిలో కనీసం ఐదు ఉంటే జబ్బు ఉన్నట్టు. నాలుగుంటే లేనట్టు. లెక్కల టీచర్ని కదా, కాంబినేషన్లు వేసి చూశాను: తొమ్మిదిలో ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎంచుకోవడానికి 256 దారులున్నాయి. ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్ల మధ్య ఒక్కటంటే ఒక్క లక్షణమే ఉమ్మడిగా ఉండే వీలుంది. పోనీ ఒక మనిషికి ఒకే పేరు సరిపోతుందా అంటే అదీ లేదు, ఆ డబ్బాలోనూ సగం, ఈ డబ్బాలోనూ సగం పడతాం. నా మూడో ప్రిస్క్రిప్షన్ మీద మిక్స్‌డ్ అని రాసింది అందుకే.

ఇదంతా నాకొక్కదానికే తట్టిన గొప్ప విషయమేమీ కాదని కూడా అప్పుడే తెలిసింది. డీఎస్ఎం ఐదో ఎడిషన్ తయారుచేసేటప్పుడు ఈ డబ్బాల పద్ధతి మార్చాలని అందుకోసం పెట్టిన నిపుణుల బృందమే ప్రతిపాదించింది. 2012 డిసెంబరులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ బోర్డు ఒప్పుకోలేదు. దాంతో 2013లో పుస్తకం వచ్చేసరికి పాత పది పేర్లూ అసలు భాగంలో అలాగే ఉన్నాయి, కొత్త పద్ధతిని ప్రత్యామ్నాయం అని పేరు పెట్టి వెనక మూడో సెక్షన్‌లో వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఇంకా ముందుకెళ్ళింది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో పాత రకాలన్నీ తీసేసి, ముందు తీవ్రత ఎంతో చూడమంది, ఆ తర్వాత లక్షణాలు. బోర్డర్‌లైన్ ఒక్కదాన్ని, వైద్యం చేసేవాళ్ళ నుంచి అభ్యంతరాలు వచ్చాక, తోక లాగా అదనంగా తగిలించుకునే వీలుంచారు. మన దేశంలో 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా జబ్బు నిర్ధారణకి ఐసీడీ తాజా ఎడిషన్ పేరెత్తి మరీ చెప్తుంది. అయినా నా మొదటి ప్రిస్క్రిప్షన్ మీద పడింది పాత ఎడిషన్ ఐసీడీ-10 కోడే. చట్టంలో ఉన్నదానికీ ఓపీలో జరిగేదానికీ అంత తేడా.

తమ్ముడే వాకబు చేసి హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టుని పట్టుకున్నాడు. ఆవిడ, ఒక సైకియాట్రిస్టు కలిసి చూస్తారు. పొద్దున రైలెక్కి వెళ్ళి, సాయంత్రానికి తిరుగు రైలు పట్టుకోవడం. మొదటిరోజే టెస్టు పెట్టేస్తారనుకున్నాను, పెన్సిళ్ళు కూడా చెక్కి తీసుకెళ్ళాను. పెట్టలేదు. ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు. సైకియాట్రిస్టు మూడ్ గురించి చాలాసేపు అడిగారు. నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, మాట ఆగకుండా, డబ్బు నీళ్ళలా ఖర్చుపెడుతూ రోజుల తరబడి ఉన్న సందర్భం ఉందా అని, అది బైపోలార్ కాదని తేల్చుకోవడానికి. అప్పటికి నాకు డిప్రెషన్ ఉంది, ఎస్సిటలోప్రామ్ వాడుతున్నాను. "డిప్రెషన్‌లో ఉన్న మనిషి తన గురించి తాను చెప్పుకునేదంతా ఇంకాస్త నల్లగా ఉంటుంది. అది కొంచెం తగ్గాక చూద్దాం" అన్నారు సైకాలజిస్టు మేడం. అంతదూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్ళాలంటే ఒళ్ళు మండింది. ఇప్పుడాలోచిస్తే ముందున్న ముగ్గురూ చేయనిది ఇదొక్కటే.

అసలు ఇంటర్వ్యూ తర్వాత మొదలైంది, విడతలు విడతలుగా. నేను అనుకున్నట్టు నా లక్షణాల గురించి కాదు. నాలుగు విషయాల చుట్టూ తిప్పి తిప్పి అడిగారు: నేనెవరినన్న సంగతి నాకెంత స్పష్టంగా ఉంది, నా బతుకుని ఎటు తీసుకెళ్ళాలో నాకు తెలుసా, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో పట్టుకోగలనా, మనుషులతో దగ్గరితనం నిలబెట్టుకోగలనా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా ఒక మెట్టు ఉంటుంది. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదని, నాలుగంటే పూర్తిగా దెబ్బతిన్నదని. డీఎస్ఎం కొత్త పద్ధతిలో మొత్తం మీద రెండు, అంటే మధ్యస్థం, లేదా అంతకుమించి ఉంటేనే డిసార్డర్ అనే మాట ఎత్తుతారు. ఐసీడీ-11లో మైల్డ్, మోడరేట్, సివియర్ అని మూడు, వీటికి కింద జబ్బు కిందికి రాని పర్సనాలిటీ డిఫికల్టీ అని ఇంకొకటి. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారట.

"మీ గురించి మీరు చెప్పండి, ఉద్యోగం మాట లేకుండా" అన్నారు. చెప్పలేకపోయాను. ప్రిన్సిపాల్ నన్ను ఏమనుకుంటాడో చెప్పాను, పిల్లలు ఏమనుకుంటారో చెప్పాను, చనిపోయిన నాన్న ఏమనుకునేవారో కూడా చెప్పాను. ఆవిడ రాసుకుంటూ, "ఒక క్లాసు బాగా జరగలేదనుకోండి, ఆ సాయంత్రం మీరెవరు?" అన్నారు. విచిత్రమైన ప్రశ్న అనిపించింది గానీ జవాబు మాత్రం ఠక్కున వచ్చింది: ఎవర్నీ కాదు. ఆ సాయంత్రం నేను దేనికీ పనికిరాని మనిషిని, అన్నం తినడానికి కూడా అర్హత లేనట్టు ఉంటుంది. మర్నాడు క్లాసు బాగా జరిగితే మళ్ళీ ప్రాణం లేచొస్తుంది. అదే కదా బోర్డర్‌లైన్‌లో చెప్పే మూడ్ మారిపోవడం అన్నాను. కావచ్చు, కానీ అది దేని మీద ఆధారపడి మారుతోందన్నది కూడా ముఖ్యమే కదా అన్నారు.

ఎదుటివాళ్ళ మనసు సంగతికొస్తే, ఒకసారి ఒక కుర్రాడి తల్లి అరమార్కు కోసం వచ్చి నా టేబుల్ దగ్గర నిలబడిన సంగతి చెప్పాను. ఎలా నేను రూలు చూపించి పంపించానో వివరంగా, కొంచెం గర్వంగానే చెప్పినట్టున్నాను. అంతా విని, "ఆవిడ ఏం చీర కట్టుకుని వచ్చారు, ఎంతసేపు నిలబడ్డారు?" అని అడిగారు. చీర గుర్తుంది, చేతిలో టిఫిన్ బాక్స్ గుర్తుంది, పనిలోంచి నేరుగా వచ్చినట్టుందని కూడా గుర్తుంది. అంటే నాకు కనిపించక కాదు. కనిపిస్తుంది, దాన్ని పక్కన పెట్టేస్తాను. ఆ గడిలో నాకు ఒకటి పడింది. రెండు పడుతుందనుకున్నాను.

దగ్గరితనంలో మాత్రం మూడుకి దగ్గరగా వెళ్ళింది. ఎంఎస్సీలో నా ప్రాణ స్నేహితురాలు గృహప్రవేశం తేదీ నాకంటే ముందు ఇంకొకామెకి చెప్పిందని నంబరు బ్లాక్ చేశాను, ఇంతవరకు తీయలేదు. ఇలాంటివి ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి తవ్వి తీస్తుంటే, ఒక్కొక్కటి విడిగా చూస్తే నాదే న్యాయం అనిపిస్తుంది, వరసగా పెట్టి చూస్తే మాత్రం మాట రాదు.

మధ్యలో నేను గట్టిగా వాదించిన చోటు ఒకటుంది. సొంతంగా బతకడం, స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకోవడం గురించి అడుగుతుంటే, "ముప్పై నాలుగేళ్ళొచ్చి అమ్మతో ఉండటం కూడా మీ పుస్తకంలో జబ్బేనా?" అన్నాను. కాదన్నారు. మన ఇళ్ళల్లో అది మామూలే, ఆ ఊరి పద్ధతి ప్రకారం మామూలుగా ఉండేదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఆ పుస్తకాలే చెప్తాయట. ఎవరితో ఉంటున్నారన్నది కాదు, ఆ ఇంట్లో మీకు నచ్చనిది నచ్చలేదని చెప్పగలరా, అమ్మ చెప్పగలరా అన్నది చూస్తానన్నారు. ఈ జాగ్రత్త అందరూ తీసుకుంటారో లేదో నాకు అనుమానమే. ఇంగ్లీషులో వచ్చిన ఫారం నింపించి మార్కులు కూడేసేవాళ్ళ చేతిలో పడితే మన సంబంధాలు కొన్ని అనవసరంగా రోగాలైపోతాయి.

అమ్మని పిలిపించడానికి నా చేత సంతకం పెట్టించుకున్నారు. అమ్మ రానంది ముందు, "నీ గురించి నేనేం చెప్తానే, నువ్వు బంగారం" అని. తీరా కూర్చోబెట్టాక ఆగలేదు. చిన్నప్పుడు నోట్‌బుక్‌లో ఒక్క కొట్టివేత ఉన్నా ఆ పేజీ చింపి మొత్తం మళ్ళీ రాసేదాన్నట, అలా చింపి చింపి పుస్తకం కుట్టు ఊడిపోయేదట. వాళ్ళ నాన్న పోలికేనండి అంది. అక్కడిదాకా బానే ఉంది. తర్వాత, "అది కాలేజీ నుంచి వచ్చే టైముకి నేను టీవీ కట్టేస్తానండి. వంటింట్లో గిన్నెలు కూడా అప్పుడు సర్దను" అంది, చాలా మామూలుగా, కూరలో ఉప్పెంతో చెప్పినట్టు. ఇన్నేళ్ళూ మా అమ్మకి టీవీ ఇష్టం లేదనుకున్నాను నేను. మేడం నా వైపు చూడలేదు, రాసుకుంటూ పోయారు, అందుకు మాత్రం ఆవిడకి రుణపడి ఉంటాను.

ఆఖర్న వచ్చింది ప్రశ్నపత్రం. పిడ్-5 అంటారు, 220 వాక్యాలు. ఒక్కోదానికి ఇది నాకు అస్సలు వర్తించదు నుంచి బాగా వర్తిస్తుంది దాకా సున్నా నుంచి మూడు. ఇరవై ఐదు వాక్యాల చిన్న వెర్షన్ కూడా ఉంది గానీ నాకు పెద్దదే ఇచ్చారు. ఆవిడ దగ్గరున్నది ఇంగ్లీషు ప్రతే, అర్థం కానిచోట అడగమన్నారు. ప్రతి వాక్యం దగ్గరా ఆగిపోయాను. ఎప్పుడు, ఎవరితో, ఏ పరిస్థితిలో అని చెప్పకుండా ఉత్తినే వర్తిస్తుందా అంటే ఏం చెప్తాం? ఒకటి పెట్టడం, చెరపడం, రెండు పెట్టడం, మళ్ళీ చెరపడం. ఆవిడ ఒకసారి లోపలికి వచ్చి, పేజీ చివర పోగైన రబ్బరు పొట్టు చూసి నవ్వి వెళ్ళిపోయారు. పేజీ నంబర్లు వరసలో లేకపోతే నేనే పెన్సిల్‌తో వేసి ఇచ్చాను. అదీ రిపోర్టులో రాశారు.

ఆ జవాబుల్లోంచి ఇరవై ఐదు చిన్న లక్షణాలకి విడివిడిగా స్కోర్లు వస్తాయి, అవి ఐదు పెద్ద గుంపుల్లోకి చేరతాయి: బాధ, భయం, కోపం లాంటివి ఎక్కువగా ఉండే నెగటివ్ అఫెక్టివిటీ, మనుషులకి దూరంగా జరిగే డిటాచ్‌మెంట్, ఎదుటివాళ్ళని తొక్కేసే ఆంటగోనిజం, ముందువెనక చూడని డిస్ఇన్‌హిబిషన్, వింత ఆలోచనలూ అనుభవాల సైకోటిసిజం. ఐసీడీ-11లో ఈ ఆఖరిది లేదు, దాని బదులు అనాంకాస్టియా ఉంది, అంటే అన్నీ తన పద్ధతిలో, తప్పు లేకుండా, అదుపులో ఉండాలన్న పట్టు. అవే జవాబుల నుంచి ఆ ఐదింటినీ కూడా లెక్కగట్టే దారి ఉందట, ఆవిడ అలాగే చేశారు.

ఇన్నాళ్ళూ చూసింది పాసా ఫెయిలా అని రాసిన కాగితాలైతే, చేతికొచ్చింది సబ్జెక్టుల వారీగా వేసిన మార్కుల మెమో. రిజిడ్ పర్ఫెక్షనిజం మూడుకి 2.6. చిన్నదానికే పొంగిపోవడం, కుంగిపోవడం రెండు దాటింది. కోపం ఎక్కువే. మోసం, జాలి లేకపోవడం, నలుగురి కళ్ళలో పడాలన్న తాపత్రయం అడుగున ఉన్నాయి. ఆలోచించకుండా దూకేసే గుణం దాదాపు సున్నా. మొదటి డాక్టర్ రాసినదాంట్లో సగం నిజం, రెండో డాక్టర్ పెట్టిన ప్రశ్నార్థకంలో ఇంకో సగం నిజం, రెండూ ఒకే కాగితం మీద కొట్లాడుకోకుండా కూర్చున్నాయి. చూస్తూ అలా చాలాసేపు ఉండిపోయాను.

అక్కడే నా అసలు అనుమానం అడిగేశాను. మా తమ్ముడు ఆడిటర్. వాడి బీరువాలో చొక్కాలు రంగుల వరసలో ఉంటాయి, మెయిల్‌లో కామా తప్పితే మళ్ళీ పంపుతాడు. పర్ఫెక్షనిజంలో వాడికి నాకంటే పదో వంతైనా ఎక్కువే వస్తుందని పందెం కాస్తాను. మరి వాడికి పెళ్ళాం, స్నేహితులు, ప్రమోషన్లు ఉన్నాయి, నాకు ప్రిస్క్రిప్షన్లున్నాయేం? లక్షణం ఎంత ఉందన్నది జబ్బు కాదన్నారావిడ. తప్పు దొర్లిన రోజున కూడా తమ్ముడు తమ్ముడిగానే ఉంటాడు, భార్యతో నవ్వగలడు. తప్పు దొర్లిన రోజున మీరు మాయమైపోతారు. అందుకే ముందు ఆ నాలుగు విషయాలూ, తర్వాతే లక్షణాలూ. మా నాన్నదీ ఇదే స్వభావం, మరి ఆయన ఏ మెట్టు మీద ఉండేవారో, ఆయనొచ్చే టైముకి కూడా అమ్మ ఏమైనా కట్టేసేదో, అది మాత్రం అడగలేదు.

రిపోర్టు చివరి లైను: పర్సనాలిటీ డిసార్డర్, మోడరేట్, ప్రముఖంగా నెగటివ్ అఫెక్టివిటీ, అనాంకాస్టియా. బోర్డర్‌లైన్ తోక పెట్టలేదు. మోడరేట్ అనేసరికి నాకు రోషం వచ్చింది. నేను ఉద్యోగం చేస్తున్నాను, మా పిల్లలకి రిజల్ట్స్ వస్తున్నాయి, మైల్డ్ వేయొచ్చు కదా అని బేరం పెట్టాను. మైల్డ్ అయితే కొన్ని సంబంధాలైనా చెదరకుండా నిలబడి ఉంటాయి, మీకు నిలబడినవి చెప్పండి అన్నారు. పైగా తల గోడకి కొట్టుకున్న సంగతి ఉంది, మనకి మనం హాని చేసుకోవడం కూడా తీవ్రత లెక్కలోకి వస్తుంది. ఇదేం రాయి మీద గీత కాదు, రెండేళ్ళకి పైగా ఉన్నదాన్నే డిసార్డర్ అంటారు గానీ మోడరేట్ మైల్డ్ కావచ్చు, మైల్డ్ ఉత్త డిఫికల్టీ కావచ్చు, మళ్ళీ కొలుస్తాం అన్నారు.

ఈ పద్ధతితో తలనొప్పులు లేవని కాదు. ఒక్కో సిట్టింగుకీ నా రోజు జీతం కంటే ఎక్కువే అయింది, మానసిక జబ్బులకి కూడా మిగతా జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఉండాలని చట్టం ఉన్నా నా పాలసీలో ఓపీయే లేదు, ఇక చెప్పేదేముంది. గవర్నమెంటు ఆసుపత్రి ఓపీలో ఇంతసేపు ఒక మనిషితో కూర్చోవడం కుదిరే పని కాదు. ఇంకో చిక్కు, ఎవరికైనా చెప్పుకోవాలంటే పొట్టి పేరు లేదు. బోర్డర్‌లైన్ అని వెతికితే బోలెడు మంది దొరికేవాళ్ళు, అదొక ఊరట. ఇప్పుడు నా లాంటి వాళ్ళని ఏమని వెతకాలి? అయినా ఎవరైనా అడిగితే నేను దీన్నే పట్టుకుంటాను, ఎందుకంటే ఏం చేయాలో ఆ కాగితంలోనే కనిపిస్తోంది.

పర్సనాలిటీ డిసార్డర్‌కంటూ ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదు. డిప్రెషన్ మాత్ర డిప్రెషన్ కోసం నడుస్తోంది. వారానికోసారి ఆన్‌లైన్లో థెరపీ, స్కీమా థెరపీ అంటారు, చిన్నప్పట్నుంచీ పాతుకుపోయిన ఆలోచనల తీరు మీద పనిచేసేది. పని పెట్టుకున్నది ముఖ్యంగా రెండు గడుల మీదే, నేనెవరన్నదీ, దగ్గరితనమూ. హోంవర్కు కూడా ఇస్తారు. పేపర్లు ఒక్కసారే దిద్ది కట్ట కట్టేయాలి, టోటల్ ఇంకోసారి చూసుకోవచ్చు, మూడోసారి తెరవకూడదు. మొదటి కట్ట స్టాఫ్‌రూమ్‌లో పెట్టి ఇంటికొచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పుడు కాస్త నయం. అమ్మకి ఇచ్చిన హోంవర్కు, నేను వచ్చే టైముకి టీవీ పెట్టి ఉంచడం. అమ్మ దాన్ని చాలా శ్రద్ధగా చేస్తోంది, సౌండు ఎక్కువే పెడుతోంది, సీరియల్లో ఆ అత్తగారి అరుపులు వీధి మలుపు దాకా వినిపిస్తున్నాయి. తగ్గించమని చెప్పొచ్చా అని మేడంని అడిగాను, మామూలు గొంతుతో చెప్పగలిగితే చెప్పండి అన్నారు.

దసరా సెలవుల్లో మళ్ళీ కొలుస్తారు. ఈసారి అమ్మతో పాటు తమ్ముణ్ణీ రమ్మన్నారు. "అక్కా, నేను అన్నీ నిజాలే చెప్తాను, తర్వాత నా నంబరు బ్లాక్ చేయకు" అని ఇప్పట్నుంచే వేళాకోళం ఆడుతున్నాడు. వాడేం చెప్తాడో అని నాకు టెన్షన్‌గానే ఉంది.